భాషాసర్వేక్షణమునఁ బ్రశ్నస్వరూపము

జార్జి గ్రియర్సను పండితుని భారతభాషాసర్వేక్షణసంపుటములు 1903 మొదలు 1928 వఱకు వెలువడినవి. వానియందు 179 భాషలును, 544 మాండలికములును బరిగణితములైనవి. ఈ సంఖ్యలను జూచి లోకము ప్రశంసించినది; ప్రశంసార్హమే. కాని సామగ్రి యెంత యనుటకంటె, అది యే ప్రశ్నకు ఉత్తరముగా వచ్చినదనుటయే వైయాకరణునకు ముఖ్యము.

అడిగినవి మూఁడు: తప్పిపోయిన కుమారుని గూర్చిన బైబిలుకథకు అనువాదము, ఆయా జనుల సొంత మాటలలో నొక కథయో వాఙ్మూలమో, 241 పదవాక్యముల పట్టిక. అర్థ మొక్కటియే యైనపుడు రూపభేదము స్ఫుటముగాఁ దోఁచును గావున మొదటిది పోలికకు మిక్కిలి యుపకరించినది.

చిక్కంతయుఁ బట్టికలో నున్నది. అందు ఆంగ్లమున 'బ్రదరు' అని యొక మాట. 'వాని బ్రదరు వాని సిస్టరుకంటెఁ బొడవు' అని యొక వాక్యము. తెలుఁగువాని కింట అన్న యుండును, తమ్ముఁడుండును. ఇంటి పిలుపులో రెంటికిని వేఱువేఱు మాటలే. 'సోదరుఁడు' సంస్కృతసమము, పొలమునఁ బుట్టిన మాట గాదు. అన్నయో తమ్ముఁడో, అక్కయో చెల్లెలో యని ప్రశ్న తెలుపదు. కాఁబట్టి యా యొక్క వాక్యమునకు నాలుగు తెలుఁగు వాక్యములు సాధువులే. చెప్పువాఁడు తోఁచినదానిని జెప్పును, వ్రాయువాఁడు దానినే వ్రాసికొనును. తక్కిన మూఁడును మఱుఁగుపడును.

'మేము', 'మనము' అను భేదము గతి యింకను జిత్రము. కుమారుని కథలోఁ దండ్రి 'తిని సంతోషింత' మనునపుడు వినువారును అందుఁ జేరుదురు, అది మనమే. కథ యాద్యంతము వెదకినను 'మేము'నకుఁ బ్రసక్తి లేదు. పట్టికలోని ఆంగ్లపదము రెంటికి నొక్కటియే. కథానువాదమును మాత్రమే చూచి, 'ఈ మాండలికమున మేము లేదు' అని యెవఁడేని సూత్రించెనా, అది అడుగని దానిని లేనిదిగాఁ గొనుటయే యగును. ద్రావిడభాషలసంపుటమును (1906) సంతరించిన స్టెన్ కోనో యీ భేదమెఱుఁగనివాఁడు గాఁడు. దోషము పండితునిది గాదు, ప్రశ్నది.

అడుగువాని వేషమును విచార్యమే. అధికారి యెదుట నిలిచిన రైతు ఇంట 'నాయన' యనియో, 'అయ్య' యనియో, 'బాపు' అనియో పిలుచుకొనుచునే 'తండ్రి' యని గ్రంథపదమును జెప్పును. అది మర్యాద, కపటము గాదు.

మఱియు మద్రాసురాజధానియు, హైదరాబాదు మైసూరు సంస్థానములును ఆ సర్వేక్షణమునఁ జేరలేదు. అందుచే వడరి, గోలరి, కామాఠి మొదలగు వెలినాఁటి తెలుఁగులు అందుఁ గన్పట్టెను గాని నడినాఁటి తెలుఁగు పరీక్షకు రాలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన వ్యవసాయవృత్తిపదకోశము త్రోవ మార్చినది. ఆంగ్లపట్టికకు మాఱుగా వృత్తియే యిచటఁ బ్రశ్నకుఁ బునాది. నాఁగలిని బట్టినవానికి మేడి, కఱ్ఱు, ఏడికోల యనువానిని అనువదింపఁ బనిలేదు. 1971 నాఁటి చేనేతసంపుటమును ఈ త్రోవనే నడచినది. అయినను వృత్తి నడిగినచో నామములు వచ్చును; 'మేము', 'మనము' రావు. వానికై యిరువురు గ్రామస్థులు తమలోఁ దాము మాటాడుకొనునపుడు ప్రక్కఁ గూర్చుండి వ్రాసికొనవలయును. ఎవఁ డెవనితోఁ బలికెనో మాట ప్రక్కనే గుర్తింపవలయును.