ప్లాను ఒకటే, నేల వేరు

2015లో మొదలైన డబుల్ బెడ్‌రూం పథకం ఇంటికి 560 చదరపు అడుగులు లెక్కగట్టింది. హైదరాబాద్ శివారు కొల్లూరులోని అపార్టుమెంట్లకైనా, బాల్కొండ వైపు తండాలకైనా లెక్క అదే. కురవని కప్పు, ఇంట్లోనే మరుగుదొడ్డి మాకు దక్కాల్సినవే, కాదనం. కానీ 45 డిగ్రీల ఎండలో పగలంతా కాగిన స్లాబు రాత్రి ఆ వేడిని ఇంట్లోకే వదులుతుంది. మందపాటి మట్టిగోడ, గూనపెంకల కప్పు, ముందరి అరుగు ఈ ఎండను ఎరిగి కట్టినవి. మా మేకలకు, కట్టెల మోపుకు, పసుపు బస్తాలకు ఆ ప్లానులో చోటే లేదు.

మేము మళ్లీ గుడిసె అడగడం లేదు. అదే ఇంటికి అరుగు, స్లాబుపై పెంకల నీడ, పక్కన కొట్టం అడుగుతున్నాం. పాత ఇంట్లో, కొత్త ఇంట్లో మధ్యాహ్నం, రాత్రి వేడిని పిల్లలతో కొలిపించాలని ఉపాధ్యాయులను కోరుతున్నాం. గ్రామసభలో ఆ అంకెలే మన మాటకు బలం.