బాల్యస్మృతులూ, బజారు విలువలూ

మన భాషలో "బెంగ" అని ఒక మంచి మాట ఉంది. తల్లి ఊరెళితే పసివాడు బెంగ పెట్టుకుంటాడు. కొత్తగా కాపురానికి వెళ్లిన పిల్ల పుట్టింటి మీద బెంగతో చిక్కిపోతుంది. 1688లో స్విట్జర్లాండుకు చెందిన యోహన్నెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, స్వదేశానికి దూరమైన తన దేశస్థులకు పట్టే ఇంటి బెంగను ఒక జబ్బుగా వర్ణించి, దానికి "నాస్టాల్జియా" అని పేరుపెట్టాడు. ఆ మాట అర్థం క్రమంగా మారింది. ఆనాడది విడిచి వచ్చిన చోటు మీది బెంగ. ఈనాడది గడిచిపోయిన కాలం మీది బెంగ. చోటుకు తిరిగి వెళ్లవచ్చు, కాలానికి తిరిగి వెళ్లలేము. తీరని కోరికను మించిన లాభసాటి సరుకు వ్యాపారికి మరొకటి లేదు. కొన్నవాడి కోరిక తీరదు కనక మళ్లీ కొంటాడు.

ఇటీవల మన సంస్కృతిలో ఈ వ్యాపారం బాగా సాగుతున్నది. పాత సినిమాలు కొత్త హంగులతో థియేటర్లకు వస్తున్నాయి. తొంభైల నాటి చిరుతిళ్లూ, బొంగరాలూ, క్యాసెట్టు బొమ్మ అచ్చువేసిన చొక్కాలూ అమ్ముడుపోతున్నాయి. ముప్ఫై ఏళ్లు నిండని యువకులు కూడా "మా రోజుల్లో" అని మాట్లాడుతున్నారు. దీనిపట్ల అభ్యుదయవాదులలో రెండు రకాల వైఖరులు కనిపిస్తాయి. కొందరు ఇదంతా తిరోగమనమని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. మరికొందరు, జనం ఇష్టపడుతున్నారు కనక ఇది ప్రజా సంస్కృతే అంటారు. మొదటివారు జనం అనుభూతిని అర్థం చేసుకోరు. రెండవవారు ఆ అనుభూతి మీద సాగే బేరాన్ని చూడరు. విమర్శకుడు ఈ రెంటినీ విడదీసి చూడాలి.

అందుకు హైదరాబాదు తూర్పు వైపు చూడటం మంచిది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా, విజయవాడ రోడ్డూ నాగార్జునసాగర్ రోడ్డూ చీలే ఎల్.బి.నగర్ కూడలి దాకా ఉన్న ప్రాంతం వలస వచ్చినవాళ్లతో పెరిగింది. నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం జిల్లాల నుంచి వచ్చిన ఉపాధ్యాయులూ, గుమాస్తాలూ, చిన్న వ్యాపారులూ, హమాలీలూ, కోచింగు కోసం వచ్చిన విద్యార్థులూ ఈ కాలనీలను నింపారు. ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు 2007లో మహానగరంలో విలీనమయినాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్‌కు మెట్రో రైలు వచ్చింది. ఇక్కడ నివసించే వాళ్లలో చాలామందికి రెండు బెంగలున్నాయి. ఒకటి విడిచివచ్చిన ఊరి మీద, రెండవది వచ్చిన తరవాత కళ్లముందే మారిపోయిన కాలనీ మీద. ఇలాంటి చోట గతాన్ని గురించిన సరుకులకు గిరాకీ ఉండటంలో వింత లేదు.

ముందుగా సినిమా సంగతి చూద్దాం. 2006లో వచ్చిన "పోకిరి" 2022 ఆగస్టులో కథానాయకుడి పుట్టినరోజుకు మళ్లీ ప్రదర్శనలకు వచ్చింది. ఆ మరుసటి నెలలో 2008 నాటి "జల్సా", ఆ ఏడాది ఆఖరున 2001 నాటి "ఖుషి" వచ్చాయి. పాత సినిమాలు తిరిగి ఆడటం మనకు కొత్తకాదు. 1957 నాటి "మాయాబజార్" ఎన్నిసార్లు తిరిగి వచ్చిందో లెక్కలేదు. అయితే ఆనాడు రెండవసారి వచ్చిన సినిమాను సినిమాగానే అమ్మేవారు. చూడనివాడు చూడటానికీ, చూసినవాడు మరోసారి చూడటానికీ వెళ్లేవాడు. ఈనాడు అమ్మేది సినిమాను కాదు, దాన్ని మొదటిసారి చూసిన వయసును. ఈ తేడా చిన్నది కాదు. "మాయాబజార్"కు రంగులు వేసి 2010లో విడుదల చేసినప్పుడు దాని వయసు 53 ఏళ్లు. "ఖుషి" 21 ఏళ్లకూ, "పోకిరి" 16 ఏళ్లకూ, "జల్సా" 14 ఏళ్లకే జ్ఞాపకాలయినాయి. గతానికీ వర్తమానానికీ మధ్య దూరాన్ని బజారు ఇంత వేగంగా కుదిస్తున్నది. నిర్మాణం ఖర్చు ఏనాడో వసూలయిపోయిన సరుకును మళ్లీ అమ్మాలంటే కొనేవాడికి తాను వయసు మళ్లినవాడిననే భావం త్వరగా కలిగించాలి మరి.

ఇంతకన్న విచారించదగినది 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన "90స్ - ఎ మిడిల్ క్లాస్ బయోపిక్" అనే ధారావాహిక. ఆదిత్య హాసన్ దర్శకుడు. పొదుపరి అయిన ఒక గణితోపాధ్యాయుడు, అతని భార్య, ముగ్గురు పిల్లలు - ఇదీ కుటుంబం. ఈ రచనకు సుగుణాలున్నాయి. రూపాయి లెక్కపెట్టుకుని బతికే ఇంటిని వెక్కిరించకుండా చూపించింది. మన తెరమీద తరచు కనిపించే భవంతులూ, కత్తులూ దీనిలో లేవు. దీన్ని చూసి లక్షలమంది తమ ఇల్లే అనుకున్నారంటే ఆ నిజాయితీయే కారణం.

కాని ఇందులో ఒక కీలకమైన సంగతి కేవలం కుటుంబం ముచ్చటగా జారిపోయింది. ఆ తండ్రి పాఠం చెప్పేది ప్రభుత్వ పాఠశాలలో, తన పిల్లలను చదివించేది ప్రైవేటు పాఠశాలలో. తాను పనిచేసే బడి తన పిల్లలకు పనికిరాదని ఒక ఉపాధ్యాయుడు నిర్ణయించుకోవటం ఒక ఇంటి విషయం కాదు. ఆ దశాబ్దంలో మన మధ్యతరగతి మొత్తం ప్రభుత్వ బడి నుంచి తప్పుకున్న చారిత్రక ఘట్టం అది. మాట చెల్లుబడి గలవాళ్లు తప్పుకున్న తరవాత ఆ బడిని అడిగే నాథుడు లేకపోయాడు. పిల్లల సాయంత్రాలను ట్యూషన్లు, ఆ పైన కోచింగులు, ఆ పైన హాస్టళ్లు మింగేశాయి. దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో అంతస్తుల మీద అంతస్తులుగా వేలాడుతున్న కోచింగు బోర్డులకు పునాది ఆ నిర్ణయంలోనే ఉంది. తొంభైలలో పుట్టిన ఈ మార్పే తొంభైల బాల్యాన్ని అంతం చేసింది. మనం దేనికోసం బెంగపడుతున్నామో దాన్ని పోగొట్టిన కారణం అదే కథలో, అదే ఇంట్లో ఉంది. రచయిత దాన్ని ఫీజు కట్టలేక పడే అవస్థగానే చూపి ఊరుకున్నాడు. ప్రేక్షకుడు కన్నీళ్లు తుడుచుకుంటాడు, ప్రశ్న మాత్రం వేసుకోడు. ఇది ఒక రచయిత లోపం కన్న ఈ తరహా సాహిత్యం మొత్తం లోపం. అది ఏమి పోయిందో చెబుతుంది, ఎందుకు పోయిందో చెప్పదు.

నిజానికి పోయినదేమిటి? పతంగులూ, గోటీలూ, చిర్రగోనె, కోతికొమ్మచ్చి, అచ్చనగాయలు - ఈ ఆటల్లో దేనికీ పెద్ద పెట్టుబడి అక్కరలేదు. కావలసినవి రెండే: కాస్త ఖాళీ నేలా, పెద్దవాళ్లు అడగని కాస్త సాయంత్రమూ. బొంగరం ఈనాటికీ దొరుకుతుంది, తాడుతో సహా పెట్టెలో పెట్టి ఇంటికి పంపుతారు. దాన్ని తిప్పటానికి నేల పంపరు. వస్తువును అమ్మవచ్చుగాని సాయంత్రాన్ని అమ్మలేరు. కనకనే వ్యాపారి మన దృష్టిని సాయంత్రం మీదనుంచి వస్తువు మీదికి మళ్లిస్తాడు.

ఆ నేల ఎక్కడికి పోయిందో ఈ ప్రాంతపు చరిత్రే చెబుతుంది. 1626లో కుతుబ్‌షాహీల కాలంలో తవ్వించిన సరూర్‌నగర్ చెరువు ఒకప్పుడు సాగునీరు ఇచ్చిన చెరువు. చుట్టూ ప్లాట్లు పడ్డాయి. వాన నీరు పారే దారులమీద ఇళ్లు లేచాయి. 2020 అక్టోబరు వరదల్లో చెరువు చుట్టుపక్కల కాలనీలు నీళ్లలో మునిగాయి. పిల్లలు ఆడుకున్న ఖాళీ జాగా, చెరువుకు నీరు నడిచిన జాగా చాలాచోట్ల ఒకటే. దాన్ని ప్లాట్లుగా కోసి అమ్మినవాళ్ల పేరు ఏ జ్ఞాపకాల సంచికలోనూ కనిపించదు. కాలం మారింది అంటారు. కాలం దానంతటది ప్లాట్లు వెయ్యదు.

మరొక ప్రశ్న ఉంది. ఎవరి బాల్యం? మనకు అమ్ముతున్న గతంలో ఒకే రకం పిల్లవాడు ఉంటాడు. అతనికి సైకిలు, సెలవులు, తాతగారి ఊరు ఉంటాయి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారానికి తరలేదాకా కొత్తపేటలోనే ఉండేది. అక్కడ గంపలు మోసిన హమాలీల పిల్లలకు కూడా తొంభైలలోనే బాల్యం గడిచింది. ఈ దారిలో ఒక మెట్రో స్టేషనుకు పేరిచ్చిన విక్టోరియా మెమోరియల్, ఇరవయ్యో శతాబ్ది తొలి ఏళ్లలో అనాథ బాలలకోసం నెలకొల్పిన ఆశ్రమం. అక్కడ పెరిగిన పిల్లలకు "మా ఇంట్లో ఆదివారం" అనే జ్ఞాపకం ఉండదు. అచ్చనగాయలను గురించి ముచ్చటగా రాసేవాళ్లు, ఆ ఆట ఆడే ఆడపిల్లను ఏ వయసులో వాకిట్లోంచి లోపలికి పిలిచారో రాయరు. గతంలోనూ వర్గాలున్నాయి, కులాలున్నాయి. వాటిని తుడిచివేసిన గతం గతం కాదు, క్యాలెండరు మీది బొమ్మ.

బ్రిటిష్ విమర్శకుడు రేమండ్ విలియమ్స్ 1973లో ప్రచురించిన "ది కంట్రీ అండ్ ది సిటీ"లో ఒక చక్కని పరిశీలన చేశాడు. పాతకాలపు పల్లె నిన్నగాక మొన్న అంతరించిందని ప్రతి తరమూ వాపోతుంది. ఆ మొన్నటి తరం పుస్తకాలు తెరిస్తే వాళ్లూ అంతకుముందటి తరాన్ని తలచుకుని అదే మాట అంటారు. ఎస్కలేటరు ఎక్కినట్టు ఇలా ఎంత వెనక్కి పోయినా స్వర్ణయుగం మరికొంచెం వెనకే ఉంటుంది. అయినా విలియమ్స్ ఆ వాపోవటాన్ని అబద్ధమని తోసెయ్యలేదు. ఒక్కొక్క తరం దేన్ని తలచుకుని ఏడ్చిందో చూస్తే, ఆ తరం మీద ఏ కొత్త ఒత్తిడి పడిందో తెలుస్తుందన్నాడు. మనమూ అలాగే చదవాలి. ఈ తరం ఖాళీ సాయంత్రాలను తలచుకుంటున్నదంటే దాని సాయంత్రాలు దాని చేతిలో లేవని అర్థం.

ఈ పరీక్షకు మనం కూడా నిలబడాలి. అభ్యుదయవాదుల ఇళ్లలో మరో రకం బెంగ ఉంది. నున్నని కాగితం మీద రంగురంగుల బొమ్మలతో చవగ్గా వచ్చిన సోవియట్ పిల్లల పుస్తకాలు, విశాలాంధ్ర వారి పుస్తకాల వ్యాను, గద్దర్ పాటల క్యాసెట్లు. 1991లో సోవియట్ యూనియన్ పోయింది. 2023 ఆగస్టులో గద్దర్ పోయాడు. ఆ పుస్తకాల వాసనను గురించి రాసేవాళ్లు, అవి అంత చవగ్గా ఎలా వచ్చాయో కూడా రాయాలి. ఒక రాజ్యం డబ్బు భరించింది. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు మాస్కోలో కూర్చుని అనువాదమే ఉద్యోగంగా చేశారు. "చందమామ" సంగతీ అంతే. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికకు కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో మరణించేదాకా సంపాదకత్వ బాధ్యత వహించారు. మార్క్సిస్టు రచయిత ఒకరు దాదాపు మూడు దశాబ్దాలు పిల్లలకోసం సులభమైన వాక్యం చెక్కుతూ కూర్చున్నారు, చిత్రకారులు ఆ పని మీదే బతికారు. ఆ పత్రిక 2007లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతికి వెళ్లి, కొన్నేళ్లకే ఆగిపోయింది. మనం పాత సంచికలను దాచుకుంటున్నాము. ఆ శ్రమనూ, ఆ శ్రమకు జీతమిచ్చే ఏర్పాటునూ మాత్రం తిరిగి నిర్మించటం లేదు. సికింద్రాబాదులోని "మంచి పుస్తకం" వారు ఆ సోవియట్ పిల్లల పుస్తకాలను తెలుగులో మళ్లీ అచ్చువేసి ఈనాటి పిల్లలకు అందించటం బెంగకు సరైన జవాబు. అది గతాన్ని అద్దాల బీరువాలో పెట్టలేదు, పసివాడి చేతిలో పెట్టింది.

ఇక ఈనాటి విద్యార్థి మాట. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల సమీపంలో రెండు బాంబులు పేలాయి. చనిపోయినవారిలో ఉద్యోగాల పరీక్షలకు చదువుకుంటున్న యువకులున్నారు. ఆ ఏళ్లలో ఇక్కడ చదువుకున్నవాళ్ల జ్ఞాపకాల్లో ఆ సాయంత్రం లేకుండా ఉండదు. కాని జ్ఞాపకాలమ్మే దుకాణంలో దానికి చోటు లేదు. అలాగే, నలుగురు పడుకునే హాస్టలు గదిలో నోటిఫికేషను కోసం ఏళ్లు గడిపే ఈనాటి యువకుడికి రేపు తలచుకోవటానికి ఏమి మిగులుతుంది? వాడు ఫోనులో చూసి మురిసే తొంభైల బాల్యం చాలావరకు వాడిది కాదు, అన్నలది. తనది కాని జ్ఞాపకాన్ని అరువు తెచ్చుకునేటంత పేదరికం మన యువతరానికి ఎందుకు వచ్చింది? విమర్శకుడు వెయ్యవలసిన ప్రశ్న ఇది.

గతాన్ని తలచుకునే ఏ రచన వచ్చినా, ఏ సినిమా వచ్చినా, మనం మూడు సంగతులు అడగాలి. ఇందులో ఎవరి బాల్యం ఉంది, ఎవరిది లేదు? పోయినది ఎవరి లాభం కోసం పోయిందో చెబుతున్నదా? ఈనాటి పిల్లలకు అది దక్కాలన్న కోరిక కలిగిస్తున్నదా, కళ్లు చెమర్చి ఊరుకుంటున్నదా? ఈ మూడింటికీ జవాబు చెప్పగల రచన ఎంత పాత సంగతి రాసినా అభ్యుదయ రచనే. చెప్పలేనిది ఎంత అందంగా ఉన్నా బజారు సరుకే.

బెంగ పడటం తప్పు కాదు. బెంగపడ్డ పసివాడికి ఎవరూ తల్లి బొమ్మ కొనిపెట్టరు, తల్లిని పిలిపిస్తారు. మన కాలనీలలో మిగిలిన ఖాళీ జాగాలు పిల్లల ఆటకు ఉండాలని, ప్రభుత్వ బడికి మైదానమూ గ్రంథాలయమూ ఉండాలని, కోచింగు గంటలకు ఒక హద్దుండాలని ఉపాధ్యాయులూ విద్యార్థులూ కలిసి అడగటమే ఈ బెంగకు మందు.