పరిశోధన అచ్చు ఖర్చు ఎవరిది?

నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ పక్కనే కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉంది, బోధన్ వైపు రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన కేంద్రం. రెండూ జనం పన్నులతో నడిచేవే. దుంపకుళ్లు మీద అక్కడ తేలిన సంగతి పసుపు రైతుకూ, అతని ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలకూ పైసా ఖర్చు లేకుండా దొరకాలంటే కాదనేవాళ్లు తక్కువ. పేచీ అంతా అచ్చు ఖర్చు దగ్గరే. పరిశోధన పత్రికల్లో చదివేవాళ్ల చందా మాన్పించి, రాసినవాళ్ల దగ్గరే రుసుము తీసుకునే పద్ధతి ఇప్పుడు బాగా పాకింది. నేచర్ పత్రిక 2020లో ప్రకటించిన రుసుము వ్యాసానికి 9,500 యూరోలు, అప్పటి మారకంలో 8 లక్షల రూపాయలకు పైనే. నెలకు 37,000 రూపాయల జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) మీద బతికే విద్యార్థికి అది రెండేళ్ల భత్యానికి దగ్గర.

ధర కన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. రాసినవాడే గిరాకీ అయ్యాక, ఒప్పుకున్న ప్రతి వ్యాసమూ ఆదాయం, తిప్పికొట్టిన ప్రతిదీ నష్టం. హైదరాబాద్‌కు చెందిన పత్రికల ప్రచురణ సంస్థ ఓమిక్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో వేసిన దావా ఈ సంగతే బయటపెట్టింది: సరైన సమీక్ష లేకుండా వ్యాసాలు వేస్తున్నారు, రుసుము మాట ముందుగా చెప్పడం లేదు అని. 2019లో నెవడా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. అందరూ అలాంటివాళ్లేనని కాదు, పేరున్న పత్రికలు వ్యాసాల్ని తిప్పికొడుతూనే ఉన్నాయి. అయితే వాటిని పట్టి ఆపుతున్నది పరువే, లెక్కల పుస్తకం కాదు.

పత్రిక ఊరికే నడవదు కదా అంటారు. నిజమే, కూర్పుకూ సర్వర్లకూ డబ్బు కావాలి. కానీ సమీక్ష చేసే ఆచార్యులు మాత్రం సాధారణంగా ఉచితంగానే చేస్తారు. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ రచయితల నుంచి రుసుము అడగకుండానే తన పత్రికల్ని వెబ్‌సైట్‌లో తెరిచి పెడుతోంది. కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌తో సమస్య తీరిందనేవాళ్లూ ఉన్నారు. మూడేళ్లకు 6,000 కోట్లు పోసి దాదాపు 13,000 పత్రికలు తెచ్చారు, మేలే. అయినా అవి ప్రభుత్వ సంస్థల గోడల లోపలే. ప్రైవేటు డిగ్రీ కాలేజీ, రైతు బయటే. ఆ డబ్బులో కొంత మన పత్రికలకు నేరుగా వెళ్లాలి. అంతకన్నా తేలికైన దారి భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) 2013లోనే చూపింది: పత్రిక ఒప్పుకున్న వ్యాసం ప్రతిని సంస్థ భాండాగారంలో పెట్టడం. మన విశ్వవిద్యాలయాల్లో పదోన్నతి కమిటీలు ఆ ప్రతి ఎక్కడుందని అడగడం మొదలుపెట్టాలి. దానికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.