ప్రవరుని పసరు

మా దువ్వూరు కడపనుండి కర్నూలునకు పోవు పెద్దబాటమీది గ్రామము. వేసవి సెలవులు వచ్చినంతనే మోటారుసైకిళ్లకు మూటలు కట్టుకొని లడఖునకు పోవు యువకులు ఈ బాటవెంటనే ఉత్తరమునకు సాగుచుందురు. అట్టివారు కొందరు తిరిగివచ్చి పుస్తకములును వ్రాయుచున్నారు. మంచుకొండలు, ఇసుక యెడారులు ఎంత దూరమైన, ఎంత దుర్గమమైన అంత శ్లాఘ్యములని వారి మతము. చేతికందినవెల్ల చదివితిని. వర్ణనలు బాగుగనే యున్నవి. కాని పుటపుటకును నిర్జనము, నిశ్శబ్దము, అనంతము అను మూడు మాటలే యెదురగుచు, కొంతసేపటికి ఒక పుస్తకమునకును మరియొకదానికిని భేదము తోపకున్నది. ఈ లోపము ఎక్కడిదో నాకు చాలకాలము అంతుపట్టలేదు. తరగతిలో మనుచరిత్రము చెప్పుచుండగా ఒక బాలుడు వేసిన ప్రశ్న దారి చూపినది.

అల్లసాని పెద్దనకును మా జిల్లాకును చుట్టరికము కలదు. కృష్ణదేవరాయలు ఆయనకిచ్చెనని ప్రసిద్ధమైన కోకట యగ్రహారము మా జిల్లాలోనిదే. ప్రవరుని కథ మార్కండేయపురాణములోనిది. పెద్దనకు ముందే మారన దానిని తెనిగించెను. అరుణాస్పదపురమందలి యీ గృహస్థు ఇల్లు కదలినవాడు కాడు. కాని తీర్థయాత్రికు లెవరు వచ్చినను ఎదురేగి, కడుపునిండ పెట్టి, వారు చూచిన దేశముల ముచ్చట్లు వినగోరును. ఒకనాడు సిద్ధుడొకడు వచ్చి తన యాత్రలను ఏకరువు పెట్టెను. అందు కేదారము కలదు, బదరి కలదు, హింగుళాదేవియు కలదు. హింగుళ యనగా నేడు పాకిస్తానములో చేరియున్న బలూచిస్తానమున, మక్రాను తీరపు ఎడారికొండల నడుమనున్న క్షేత్రము. మంచుకొండయు ఎడారియు ఒక్క పద్యముననే యిమిడినవి! దూరదేశముల నెరిగించుటయే వృత్తిగా గల నేటి యాత్రానిపుణులకు ఈ సిద్ధుని మూలపురుషు డనవచ్చును. ఇంత చిన్నవయసున ఇన్ని యెట్లు చూచితివని యడుగగా పాదలేప మహిమ యనెను. కోరినంతనే ప్రవరుని కాళ్లకు పూసియు పెట్టెను.

ఆ పసరుతో ప్రవరుడు హిమాలయమునకు చేరెను. నడుమ ఒక్క ఊరు లేదు, రేవు లేదు, మజిలీ లేదు. కొండను చూచి మురిసి, మధ్యాహ్నవేళకు ఇల్లు తలచుకొని, తక్కిన వింతలు రేపు చూడవచ్చునులే యనుకొనెను. అడుగు వేయబోవ పసరు మంచులో కరిగిపోయి యుండెను.

ఇచ్చట పెద్దన చేసిన పని నిదానించి చూడదగినది. కొండ మారలేదు. ఒక్క రాయి కదలలేదు. క్షణమునకు ముందు కన్నులపండువైన ఆ శిఖరములే చెరసాల గోడలైనవి. తల్లిదండ్రులు, ఇల్లాలు, అగ్నిహోత్రము, శిష్యులు ఒక్కసారిగా మీదబడిరి. రేపు మరల వత్తుననుకొనగల వానికి మాత్రమే ఆ కొండ అందమైనది. మన విమర్శకులు వరూధిని కన్నీటిని తూచుటలో ఎంత శ్రమపడిరో, ఈ చిన్న మార్పును గమనించుటలో అందు పదవవంతైనను పడలేదని నా యభిప్రాయము.

ఇంతవరకు చెప్పి నిలుపగా వెనుక బల్లనుండి ఒకడు లేచి, “సార్, పసరు కరుగుతుందని సిద్ధుడు ముందే యెందుకు చెప్పల్యా? మా యమ్మకు గూడా ఏజెంటు ఏమీ చెప్పల్యా” అనెను.

వాని తల్లి కువైటులో నున్నది. మా జిల్లానుండి ఇంటిపనులకై ఆ దేశమునకు పోయిన స్త్రీలు వేలసంఖ్యలో నున్నారు. అచ్చట నివసించు అనుమతి యజమానితో ముడిపడి యుండును. యజమాని పాసుపోర్టు దాచుకొనరాదని 2015లో గృహకార్మికులకై చేసిన చట్టము చెప్పుచున్నది. అయినను అది యజమాని బీరువాలోనే యుండుట వినుచున్నాము. గడువు దాటి కాగితములు లేక చిక్కుపడినవారు ఎందరో, 2018లో ఆ ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినప్పుడు గాని ఇల్లు చేరలేకపోయిరి. యాత్రికుడు గుడారము వేయించుకొని నక్షత్రములు లెక్కించు ఎడారియు అట్టి యిసుకయే. అతని జేబులో తిరుగు టిక్కెట్టున్నది. ఆ టిక్కెట్టును అతడు పుస్తకములో వ్రాయడు. నేను వెదకుచున్న లోపము ఇదియే. దానిని దాచినందువలననే ఎడారి నిర్జనముగ కనబడుచున్నది. ఒంటెను మేపువాడును, అన్నము వండినదియు కంటికి ఆనకున్నారు.

అట్లు దాచని పుస్తక మొకటి మనకు లేకపోలేదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశికి బయలుదేరి, మా కడపసీమ మీదుగా అహోబల శ్రీశైలములను సేవించుచు సాగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. ఆయన చనిపోయిన పిమ్మట 1838లో ఆ యాత్రాచరిత్ర అచ్చైనది. నల్లమల ఆయనకును దుర్గమమే. అయినను నీరెక్కడ, బియ్య మెక్కడ దొరకును, ఊరికి ఇండ్లెన్ని, శ్రీశైలయాత్రికులవద్ద కందనూరు నవాబు పన్ను గుంజు టెట్లు, ఇవన్నియు వ్రాసెను. పల్లకిలో పోయినవాడే; కాని మోసిన బోయీలను మరువలేదు. శైలి ముతక, వర్ణనలు తక్కువ. కొన్నిచోట్ల పద్దుల పుస్తకము చదివినట్లు విసుగు కలుగుమాటయు నిజమే. కాని చదివినవాడు ఆ దారిని పోగలడు, తిరిగియు రాగలడు.

పెద్దనపై నాకొక ఫిర్యాదు మిగిలినది. నడిరేయి అతిథులు వచ్చినను విసుగక వండిపెట్టు ఇల్లాలిని ఆయనే మెచ్చుకొనెను. సిద్ధుడు కేదారమును వర్ణించునప్పుడు ఆమె వంటయింట వినుచునే యుండవలెను. పసరు ఆమెకు కావలెనా యని అడిగినవారు లేరు. నేడు మా సీమలో ఆమెయే సముద్రము దాటి పరుల యింట వండుచున్నది. అగ్నిదేవుని కరుణచే ప్రవరుడు ఇల్లు చేరినంతనే కవి మనలను ఆ గడపలోనికి పోనీయక వరూధిని యొద్దకు మరల్చెను. ఆ సాయంకాలము ఇల్లాలు భర్తను ఏమడిగెనో మా తరగతి బాలురు తమకు తోచినట్లు వ్రాసి తెచ్చిరి. కువైటులోని తల్లి కొడుకు మాత్రము ఒక్క వాక్యమే వ్రాసెను: “అన్నం తిన్నావా అని అడిగింటాది.”