ఫీజు కట్టిందెవరు?

నవలలో స్త్రీపాత్ర ఎదురైనప్పుడు మన విమర్శకులు సాధారణంగా రెండు ప్రశ్నలే వేస్తారు. ఆమె లొంగిపోయిందా? తిరగబడిందా? లొంగితే అభివృద్ధి నిరోధకమనీ, తిరగబడితే అభ్యుదయమనీ తీర్పు చెప్పి పుస్తకం మూసేస్తారు. ఈ తీర్పు చాలదని నా అభిప్రాయం. మూడవ ప్రశ్న ఒకటుంది: ఆ యింటిని నిలబెట్టింది ఎవరి శ్రమ? నిలబెట్టిన పేరు ఎవరికి దక్కింది?

నేనుండే లాలాగూడ, 1893లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే పెట్టిన వర్క్‌షాపు చుట్టూ పెరిగిన పేట. ఇటువంటి కార్మికవాడల్లో జీతం ఎక్కువగా మగవాని పేరున వస్తుంది. కుట్టుమిషను, టిఫిను బండి, పాచిపని తోడైతే తప్ప చాలా యిళ్లలో నెల గడవదు. ఆ సంపాదనకు ‘చేదోడు’ అని పేరు. ఆ ఒక్క మాటలో ఒక సిద్ధాంతమే దాగివుంది. ఇది గమనించినవారికి ఆఫ్రికా రచయిత్రుల నవలలు పరాయివిగా తోచవు. వారిలో బుచి ఎమెచెటా (1944–2017) రైల్వే కార్మికుని కూతురు కూడా.

ఆమె 1979లో ప్రచురించిన ‘ది జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్’ పేరుకు మాతృత్వపు ఆనందాలు; నిజానికది ఎత్తిపొడుపు. నాయిక నూ ఈగో పల్లె విడిచి, బ్రిటిష్ పాలనలోని లాగోస్ నగరానికి కాపురానికి వస్తుంది. భర్త నాయిఫే తెల్లదొర యింట్లో బట్టలుతుకుతాడు. తర్వాత రైల్వేలో గడ్డి కోస్తాడు. యుద్ధం రాగానే బలవంతంగా సైన్యంలోకి తీసుకుపోతారు. సిగరెట్లూ, కట్టెలూ అమ్మి పిల్లలను సాకింది ఆమె.

నవలకు గుండెకాయ నా దృష్టిలో కోర్టు ఘట్టం. కత్తితో దాడిచేసిన నేరం మీద నాయిఫేను విచారిస్తున్నప్పుడు, పిల్లల చదువు ఫీజులు ఎవరు కడుతున్నారని వకీలు ఆమెను అడుగుతాడు. కట్టేది తానేననీ, కాని తాను భర్త సొత్తు గనుక కట్టినవాడు భర్తేననీ ఆమె సమాధానం. జనం నవ్వుతారు. నవ్వవలసిన విషయమా యిది? కుటుంబ యజమాని అనే ఆచారపు అధికారం మీద, జీతగాడు అనే వలస పాలన ముద్ర కూడా పడింది. రెండింటి మధ్య ఆమె కష్టం లెక్కలోకి రాకుండా పోయింది. చివరకు ఆమె దారి ప్రక్కన ఒంటరిగా చనిపోతే, విదేశాల్లో చదివిన పెద్దకొడుకు వచ్చి అప్పుచేసి మరీ ఘనంగా కర్మ జరిపిస్తాడు!

ఎమెచెటా దృష్టిలో ఒక లోపమూ వుంది. సవతి అదాకు కాపురం విడిచి, వ్యాపారం పెట్టుకొని, ఆడపిల్లలను చదివిస్తుంది. అటువంటి మనిషిని రచయిత్రి కథలో ఒక మూలకు నెట్టింది. ఫ్లోరా న్వాపా తన ‘ఎఫూరు’ (1966) నవలలో అదే తెగువగల వర్తకురాలిని నడిమధ్యన నిలబెట్టింది.

ఇక మన కథాసాహిత్యం. అబ్బూరి ఛాయాదేవి ‘బోన్‌సాయ్ బ్రతుకు’లో కుండీలోని తురాయి మొక్కను, గాలివానలో నలుగురికి నీడనిచ్చే బయటి తురాయి చెట్టును ప్రక్కప్రక్కన చూపింది. మధ్యతరగతి పెంపకం మీద అంత పదునైన విమర్శ అరుదు. కాని కుండీలో పెట్టి సాకే తీరిక ఎవరికీ లేని, చిన్ననాటినుంచీ బరువుల క్రింద వంగిన ఆడవాళ్ల మాటేమిటి? ఓల్గా ‘స్వేచ్ఛ’ (1987)లో అరుణకు ఉద్యోగముంది, స్వేచ్ఛ లేదు. సంపాదన వుంటే విముక్తి దానంతటదే వస్తుందని వాదించే మనవంటివారికి అది గట్టి సమాధానం. నూ ఈగో చెప్పిందీ అదే. డబ్బు సంపాదించడం వేరు, దానిమీద హక్కు వుండడం వేరు.

తెలుగులో యీ లెక్క తేటగా విప్పినవారు దళిత రచయిత్రులు. గోగు శ్యామల ‘ఏనుగంత తండ్రి కన్న ఏకులబుట్టంత తల్లి నయం’ కథలో తల్లి పూజలందుకునే మూర్తి కాదు, కూలిచేసే మనిషి. కులం ఆ కూలి విలువను తగ్గిస్తుంది. మగని అధికారం మిగిలినదానిమీదా పెత్తనం చేస్తుంది. ఈ రెండింటినీ ఒకేసారి చూపగలగడమే అభ్యుదయ సాహిత్య లక్షణం.

మన కార్మిక సాహిత్యం యిక్కడ జవాబు చెప్పుకోవలసి వుంది. 1974 మే నెలలో రైల్వే సమ్మె 20 రోజులు సాగింది. జీతం ఆగిన యిళ్లలో పొయ్యి వెలిగించవలసి వచ్చినవారు ఆ సమ్మెలో భాగస్వాములా, కేవలం కార్మికుల భార్యలా? సెనెగల్ రచయిత సెంబేన్ ఉస్మాన్, 1947–48 నాటి డకార్–నైజర్ రైల్వే సమ్మె మీద వ్రాసిన నవల (1960)లో స్త్రీలే ఊరినుంచి రాజధానికి నడిచి సమ్మె గతిని మార్చారు. పురుషుడైనా ఆయన ఆ సంగతి చూశాడు.

స్త్రీని దేవతగా వర్ణించవద్దని మనం చాలాకాలంగా చెబుతున్నాం. బాధితురాలిగా మాత్రమే చూపినా చాలదు. ఆమె ఏమి సంపాదించింది, దేనికి ఖర్చుపెట్టింది, ఆ ఖర్చు ఎవరి ఖాతాలో వ్రాశారు — యీ మూడూ చెప్పని నవలలో స్త్రీ పూర్తిగా కనిపించినట్టు కాదు. అడగని విమర్శకుడు ఆ కోర్టులో నవ్విన జనంలో ఒకడు.