డాలు చెప్పే పేరు

ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు కౌరవ వీరులను ఉత్తరుడికి ఒక్కొక్కరినే గుర్తుపట్టి చూపిస్తాడు. ముఖాలను బట్టి కాదు, జెండాలను బట్టి. బంగారు వేదిక ద్రోణుడిది, సింహపు తోక అశ్వత్థామది, తాటిచెట్టు భీష్ముడిది. విరాటపర్వంలో తిక్కన రాసిన ఆ పద్యం తెలిసినవాళ్లకు యుద్ధరంగంలో చిహ్నం చేసే పని ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

12వ శతాబ్దపు పశ్చిమ ఐరోపాలో ఆ పనికి నియమాలు ఏర్పడి, హెరాల్డ్రీ అనే శాస్త్రమైంది. 1151లో మరణించిన ఆంజూ ప్రభువు జెఫ్రీ ఎనామెల్ ఫలకం ఫ్రాన్సులోని ల మాన్ నగరంలో ఉంది. అందులో ఆయన పట్టుకున్న నీలి డాలు మీద బంగారు సింహాలు ఉంటాయి. మనవడు విలియం లాంగెస్పీ సమాధి ఇంగ్లండులోని సాలిస్‌బరీ కెథీడ్రల్‌లో ఉంది. అతని డాలు మీదా ఆ సింహాలే. తాత గుర్తు అప్పటికే వంశానిది అయిపోయింది.

ఆ విద్య ఇవాళ మ్యూజియాల్లోనే కాదు, మైదానాల్లోనూ బతికి ఉంది. 1966 మే 1న కాలిఫోర్నియాలోని బర్కిలీలో, తర్వాత రచయిత్రిగా పేరుపొందిన డయానా పాక్సన్ ఇంటి పెరట్లో కొందరు మిత్రులు మధ్యయుగపు వేషాల్లో టోర్నమెంటు జరిపారు. అదే సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రొనిజమ్‌గా ఎదిగింది. ఆనాటి వంట, నేత, నృత్యం, కత్తిసాము ఇక్కడ చేతులారా చేసి నేర్చుకుంటారు. పెన్సిల్వేనియాలో వేసవిలో జరిగే వీరి పెన్సిక్ వార్‌కు దాదాపు పదివేలమంది వస్తారు. డేరాల ముందు, డాళ్ల మీద, భుజాల మీద ఎక్కడ చూసినా గుర్తులే. వాటిలో చాలావరకు వ్యక్తుల సొంతం.

అలాంటి గుర్తు తయారు చేసుకోవడంలో మొదటి పాఠం రంగులది. పసుపును బంగారంగా, తెలుపును వెండిగా లెక్కిస్తారు. ఈ రెండూ లోహాలు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు. లోహం మీద లోహం, రంగు మీద రంగు పెట్టకూడదు. ఎర్ర నేల మీద బంగారు సింహం మైదానం అవతలి నుంచి చూసినా తెలుస్తుంది. నీలి నేల మీద నల్ల సింహం నాలుగడుగులు వెనక్కి వేసేసరికి నేలలో కలిసిపోతుంది. వెండి నేల మీద బంగారు శిలువలున్న జెరూసలేం రాజ్య చిహ్నం ఈ నియమాన్ని మీరింది. అలా మీరడం అరుదు కనుకే దాన్ని ఇప్పటికీ ప్రత్యేకంగా చెప్పుకుంటారు.

రెండో పాఠం పొదుపు. కొత్తగా చేరినవాళ్లు గుర్రం, పుస్తకం, హార్ప్, నెలవంక అంటూ తమకు ఇష్టమైనవన్నీ ఒకే డాలులో ఇరికించాలని చూస్తారు. వాడిన రంగులు, బొమ్మల రకాలు కలిపి ఎనిమిది దాటకూడదన్నది సొసైటీలో సాధారణ నియమం. ఒకే వరుసలో మూడు రకాల బొమ్మలు కలపడమూ కుదరదు. మిగిలిన బొమ్మను డాలు నిండా గీయాలి. సింహమైతే జూలు, గోళ్లు, నాలుక ఉన్నవాటికంటే పెద్దవిగా కనిపించాలి. అడవిలో సింహం ఎలా ఉంటుందన్నది కాదు, దూరాన ఉన్నవాడికి అది సింహమని తెలియడం ముఖ్యం.

మూడోది బ్లేజన్, అంటే చిహ్నాన్ని మాటల్లో చెప్పే పద్ధతి. ముందు నేల రంగు, తర్వాత ప్రధానమైన బొమ్మ, దాని భంగిమ, దాని రంగు, చివరికి చుట్టూ ఉన్నవి. కుడి ఎడమలు డాలు పట్టుకున్నవాడివి, చూసేవాడివి కావు. ‘అజూర్, ఎ బెండ్ ఓర్’ అంటే నీలి నేల మీద అతని కుడి భుజం వైపు నుంచి ఏటవాలుగా దిగే బంగారు పట్టీ. పదిమంది చిత్రకారులు తమ తమ శైలిలో గీసినా చిహ్నం ఒక్కటే.

సరిగ్గా ఆ చిహ్నం మీదే పెద్ద వ్యాజ్యం నడిచింది. 1385లో రెండో రిచర్డ్ సైన్యం స్కాట్లండు మీదికి వెళ్లినప్పుడు సర్ రిచర్డ్ స్క్రోప్, సర్ రాబర్ట్ గ్రోవ్‌నర్ ఒకే గుర్తుతో ఎదురుపడ్డారు. వందలమంది సాక్ష్యం చెప్పారు. వాళ్లలో కవి జెఫ్రీ చాసర్ ఒకడు. లండన్ ఫ్రైడే వీధిలో స్క్రోప్ గుర్తు వేలాడుతుంటే ఎవరిదని అడిగానని, అది గ్రోవ్‌నర్ అనే ఆయనదని చెప్పారని, ఆ పేరు వినడం అదే మొదటిసారని ఆయన 1386లో చెప్పాడు. 1390లో తీర్పు స్క్రోప్ వైపు వచ్చింది.

సొసైటీలో అలాంటి తగవు రాకుండా ముందే చూస్తారు. స్వచ్ఛందంగా పనిచేసే హెరాల్డులు ప్రతి దరఖాస్తునూ నమోదైన వేల చిహ్నాలతో పోలుస్తారు. నీలి నేల మీద బంగారు సింహం ఇంకొకరికి ఉంటే, నేల ఒక్కటి ఎర్రగా మార్చితే చాలదు. సింహాన్ని వెండిగానూ మార్చితే రెండు తేడాలవుతాయి, దారి దొరుకుతుంది. లారెల్ అనే బిరుదున్న ప్రధాన హెరాల్డ్ కార్యాలయం నెలనెలా నిర్ణయాలు ప్రకటిస్తుంది. తిప్పి పంపితే కారణం చెబుతుంది. ప్రసిద్ధ రాజ్యాల చిహ్నాలు ఎవరికీ ఇవ్వరు. వ్యక్తుల డాలు మీద కిరీటం సొసైటీలో రాజుగానో రాణిగానో సింహాసనం ఎక్కినవాళ్లకే, లారెల్ దండ స్థానిక శాఖలకే. లేని ఘనతను బొమ్మతో తెచ్చుకోవడానికి వీల్లేదు.

ఇంత శ్రమ ఒక వేడుక కోసమా అని అడిగేవాళ్లుంటారు. వేడుకే అయినా ఇందులో గొప్ప మర్యాద ఉంది. నాకు నచ్చిన బొమ్మే గీసుకుంటాను, కానీ అది ఎదుటివాడి కంటికి ఆనాలి, ముందే ఉన్నవాడి గుర్తును మింగకూడదు. ఈ రెండు షరతులూ ఒప్పుకున్నాకే అది నాది అవుతుంది. మధ్యయుగంలో చాలామందికి ఇలాంటి గుర్తు పుట్టుకతో వచ్చేది. ఇక్కడ నర్సు, వడ్రంగి, విద్యార్థి ఆలోచనతో, ఓపికతో సంపాదించుకుంటారు. వంశం అడగకుండా నియమాన్ని మాత్రం నిలబెట్టుకున్న ఈ అభిరుచి, పాత విద్యలోని మంచిని అందరికీ పంచిపెట్టింది.