కొడుకు రక్తం, తండ్రి ఫలితం

టెస్టు చేయించడమే కాదు, ఒక్కోసారి ఆపడం కూడా జెనెటిక్ కౌన్సెలర్‌గా నా పనే. రక్తం తీస్తే తేలిపోయేదానికి ఇన్ని మాటలెందుకని వచ్చినవాళ్ళు విసుక్కుంటారు.

హంటింగ్టన్ జబ్బునే తీసుకోండి. నాలుగో క్రోమోజోమ్ మీది ఒక జన్యువులో సి-ఎ-జి అనే మూడక్షరాలు వరసగా మళ్ళీ మళ్ళీ వస్తాయి. 26 సార్ల వరకు భయం లేదు. 36 నుంచి 39 అయితే జబ్బు రావచ్చు, రాకపోవచ్చు. 40 గానీ అంతకు మించి గానీ ఉంటే నిండు ఆయుష్షులో రాక తప్పదు. సాధారణంగా నడివయసులో మొదలై కాళ్ళూ చేతులూ వాటంతటవే కదులుతాయి, కోపం పెరుగుతుంది, ఆలోచన మందగిస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. అన్నకు వచ్చింది కాబట్టి తమ్ముడు తప్పించుకున్నట్టు కాదు. కదలికలను తగ్గించే మందులున్నాయి గానీ జబ్బును నయం చేసేది లేదు.

అసలు చిక్కు ఇక్కడుంది. తాతకు జబ్బు. తండ్రి తనకుందో లేదో తెలుసుకోనంటాడు. పెళ్ళీడు కొడుకు మాత్రం తేల్చుకోవాలంటాడు. కొడుక్కి ఉందని తేలితే, తండ్రికి అడగకుండానే ఫలితం చెప్పేసినట్టే. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించాలని చూస్తాను. కుదరకపోతే నేను కొడుకు పక్షమే. అతని పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం అతనివి. కానీ ఫలితం తండ్రి చెవిన ఎలా పడాలో ముందే అనుకోకుండా రక్తం తీయనివ్వను.

ఈ జబ్బు మీద పరిశోధన చేసిన నాన్సీ వెక్స్లర్ సంగతి చూడండి. ఆమె తల్లి ఈ జబ్బుతోనే 1978లో పోయారు. వెనెజులాలోని మరకైబో సరస్సు తీరాన జబ్బున్న కుటుంబాలతో నాన్సీ సాగించిన పరిశోధన 1993లో జన్యువును పట్టుకోవడానికి దారితీసింది. పరీక్ష అందుబాటులోకి వచ్చాక మాత్రం తాను చేయించుకోకూడదనుకున్నారు. తనకూ జబ్బుందని 2020లో బయటపెట్టారు. అంత తెలిసిన మనిషే వద్దనుకున్నప్పుడు, వద్దనేవాళ్ళను పిరికివాళ్ళనడానికి మనమెవరం?

అందుకే లక్షణాలు లేని పిల్లలకు ఈ టెస్టు చేయించమంటే కాదంటాను. కాబోయే కోడలికి తెలియకుండా రక్తం తెస్తామన్నా అంతే. మీ ఇంట్లో ఇలాంటి జబ్బుంటే ల్యాబుకు కాదు, ముందు కౌన్సెలర్ దగ్గరకు రండి. ఎవరి ఒత్తిడి మీదా రక్తం ఇవ్వకండి.